సముద్రం వెనక్కి పోతే అటు పోవద్దు

వేదిక మీదున్న పెద్దలకు, నల్లగొండ విద్యార్థులకు నమస్కారం.

మన జిల్లాకు సముద్రం లేదు. అయినా కార్తీక మాసం వస్తే బస్సులు మాట్లాడుకుని సూర్యలంకకు, మంగినపూడికి స్నానాలకు పోయేది మనమే. పాలమూరు నుంచి పనులకని ఊరు విడిచి సముద్రపు ఒడ్డున గుడిసెలు వేసుకునేదీ మనవాళ్లే. అలల పక్కన పుట్టి పెరగని మనకే సునామీ సంగతి ఎక్కువ తెలియాలి.

2004 డిసెంబర్ 26, ఆదివారం. మన టైం ప్రకారం పొద్దున ఆరున్నరకు ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున భూమి కదిలింది. తీవ్రత 9.1. భూమి పైపొర పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే ఫలకాలంటారు. అక్కడ భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య వందల ఏళ్లుగా పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా బయటపడింది. అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున పగులు పాకింది. అడుగు పైకి లేస్తే మీదున్న నీళ్లు ఊరుకుంటాయా? నడి సముద్రంలో ఆ అల మీటరు ఎత్తు కూడా లేదు, వేగం మాత్రం విమానమంత. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి వేగం పడిపోయి, నీళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

దాదాపు 2,30,000 మంది పోయారు. ఒక్క తమిళనాడులోని నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల పైచిలుకు. ఆంధ్ర తీరంలో వంద దాటారు.

భూకంపానికీ, మన తీరానికి అల చేరడానికీ మధ్య రెండు గంటలకు పైగా సమయం ఉంది. చెప్పేవాళ్లు లేకపోయారు. నాకు ఇప్పటికీ కడుపు రగిలేది అక్కడే. 2007 నుంచి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రం, రాత్రింబవళ్లు ఆ ముందు హెచ్చరిక పని చేస్తోంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు నీటి ఒత్తిడిలో తేడా పసిగట్టి కబురు పంపుతాయి. వీలైతే మీ సార్లను అడిగి వెళ్లి చూడండి.

భూకంపం పక్కనే వస్తే మాత్రం ఏ కేంద్రమూ అందుకోలేదు. సుమత్రా దగ్గర సిములూ దీవికి అల పది నిమిషాల్లో వచ్చేసింది. అక్కడ 78,000 మందిలో పోయింది ఏడుగురే! 1907లో వచ్చిన సునామీ కథను తాతలు మనవలకు పాటగా నేర్పారు: భూమి గట్టిగా ఊగిందా, సముద్రం వెనక్కి తగ్గిందా, గుట్ట ఎక్కు. వాళ్లు ఎక్కారు. మిగతా చోట్ల నీళ్లు వెనక్కి పోయి ఇసుకలో చేపలు కొట్టుకుంటుంటే, ఏరుకోవడానికి పిల్లలు దిగారు.

ఇంకొకటి. మొదటి అల తగ్గగానే సామాన్ల కోసం కిందికి రావద్దు. తర్వాతి అల అంతకన్నా పెద్దది కావచ్చు, గంటల తరబడి వస్తూనే ఉండొచ్చు. అధికారులు చెప్పేదాకా ఎత్తు మీదే ఉండండి.