ఆహ్వానపత్రంలోని అంశంతో నా పేచీ

(ఒక పాలిటెక్నిక్‌లో చివరి సంవత్సరం విద్యార్థుల వీడ్కోలు సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, మేడమ్‌లకు, సార్లకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. శాలువా వద్దన్నాను, అయినా కప్పారు. ఈ ఉక్కలో ఉంచుకోలేను, తీసేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నాది మోటార్ల వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే పని. భీమవరం చుట్టుపక్కల చెరువులున్నవాళ్లకు నా నంబరు తెలుసు. ఆహ్వానపత్రంలో నా పేరు కింద 'మీ ప్యాషన్‌ను వదలకండి' అని అంశం వేశారు. నన్నడిగి వేయలేదు. అడిగుంటే వద్దనేవాణ్ణి.

ఎందుకంటే నా ప్యాషన్ నాటకం. పదో తరగతి నుంచీ కృష్ణుడి వేషం పిచ్చి. పద్యనాటకాలవాళ్ల వెనక ఊరూరా తిరిగి హార్మోనియం మోశాను. రెండుసార్లు భటుడి వేషం కట్టాను. ఒకసారి కృష్ణుడికి జ్వరమొస్తే నన్ను స్టేజీ ఎక్కించారు. రెండో పద్యంలో రాగం ఎత్తుకునేసరికి గొంతు జీర పోయింది. జనం ఈలలు వేశారు. మెచ్చుకుని కాదు. మా నాన్న ఏమీ అనలేదు. మర్నాడు తీసుకెళ్లి, తెలిసినాయన వైండింగ్ షాపులో కూర్చోబెట్టారు. 1983, నాకు 19 ఏళ్లు.

ఆ పనంటే అసహ్యం. కాలిన మోటారు విప్పితే మాడిన వార్నిష్ వాసన. చేతులెంత కడిగినా అన్నంలోకి వచ్చేది. ఆరు నెలలు గురువుగారు నాచేత పాత తీగ పీకించారు. పీకేముందు చుట్లు లెక్కపెట్టాలి, గేజి, అంటే తీగ మందం, కొలవాలి, ఏ కాయిల్ ఏ గాడిలోంచి ఏ గాడిలోకి వెళ్లిందో కాగితం మీద రాసుకోవాలి. ఒక్క చుట్టు తప్పు చెప్పినా ఆ పూట నాకు టీ లేదు.

ఏడో నెలలో ఒక రైతు 5 హెచ్‌పీ మోటారు తెచ్చాడు. నారుమడి ఎండిపోతోందని బల్ల మీదే కూర్చుండిపోయాడు. మొత్తం నేనే చుట్టిన మొదటి మోటారు అది. స్విచ్ వేస్తే తిరగలేదు, గుర్రుమని మూలిగింది. గురువుగారు స్విచ్ కట్టేసి, "ఎక్కడో ఒక కాయిల్ తిరగేసి కలిపావురా, వెతుక్కో" అని టీకి వెళ్లిపోయారు. రైతు నా వంక చూస్తున్నాడు, నేను కాయిళ్ల వంక చూస్తున్నాను. రెండు గంటలు. దొరికింది. విప్పి, సరిగ్గా కలిపి, భయంభయంగా స్విచ్ వేశాను. అది తిరిగిన చప్పుడుందే! ఆ రైతు డబ్బులిచ్చి, "భోంచేశావా బాబూ?" అని అడిగాడు. పొద్దుటినుంచీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఈ పని మీద నాకు ఇష్టం పుట్టింది ఆ సాయంత్రం. చెయ్యి కాస్త తిరిగాక పుట్టింది. ముందు కాదండి, తరవాత.

నా మాట నమ్మకపోతే మన భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. ఆయన మనసు రామకృష్ణ మఠంలో సన్యాసం మీద. చివరికి చదివింది వైద్యం. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అమెరికాలో రాత్రిళ్లు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగి చదువుకున్నారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. ఆ స్ప్రూకు వాడే మందే అది. మొదటి ఇష్టం వెంటే పోయుంటే కాషాయం కట్టేవారు. కాషాయం తప్పని అనటం లేదు, అపార్థం చేసుకోకండి.

సార్ చీటీ పంపారు, పది నిమిషాలైందట. శాలువాకి పోయిన టైము తీసేయండి సార్.

మా తమ్ముడి కూతురు ఒక కంపెనీలో చేరింది, పేరెందుకులెండి. మూడు నెలలు జీతం లేదు. అడిగితే "ప్యాషన్ ఉన్నవాళ్లు జీతం గురించి మాట్లాడరు" అన్నారట. కరెంటు ఇవ్వకుండా మోటారును ప్యాషన్‌తో తిరగమంటే తిరుగుతుందా? ఆ మాట వింటే నాకు ఇప్పటికీ బీపీ వస్తుంది.

మీలో తన ప్యాషన్ ఏంటో తెలియనివాళ్లు చేతులెత్తండి. చూడండి సార్, సగం హాలు! ఏదో జబ్బున్నట్టు తలొంచుకుని ఎత్తుతున్నారు. టెన్షన్ పడకండ్రా. తెలిసినవాళ్లకు కూడా రోజూ ఉండదు. వెన్నామి రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళప్పుడు నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగితే రొయ్యలు నీటిపైకి తేలతాయి. మూడింటికి రైతు ఫోన్ చేస్తాడు. మూడింటికి నా ప్యాషన్ నిద్ర. అయినా లేచి వెళ్తాను.

నాటకం మానేశాననుకోకండి. షాపు మూశాక రోజూ పద్యాలు పాడుకుంటాను. కాలిన మోటార్లు ఈలలు వేయవు.

ఇంకో చీటీ. పద్యం పాడాలట. ఎవర్రా రాసింది? సరే, ఒక్కటే. హార్మోనియం లేదు కాబట్టి శ్రుతి ఎటు పోయినా నన్నడగొద్దు. మైకు కాస్త దూరంగా జరపండి.