రెండు కాగితాల బరువంత బలం

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 28 కదా, సార్ రామన్ ఎఫెక్ట్ గురించి చెప్తాడని మీరు అనుకుని ఉంటారు. ఇవాళ నేను ఒక కంప్యూటర్ గేమ్ గురించి మాట్లాడతాను. పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. అందులోనూ ఒకే ఒక్క ఇంజిన్ గురించి: ‘డాన్’ అనే అయాన్ ఇంజిన్, అంటే కరెంటు బలంతో వాయువును అతి వేగంగా వెనక్కి వదిలే ఇంజిన్.

ఆడనివాళ్ల కోసం రెండు మాటలు. ఆటలో మన గ్రహం పేరు కెర్బిన్. వ్యాసార్థం 600 కిలోమీటర్లే, భూమిలో పదో వంతు కూడా లేదు. గురుత్వం మాత్రం భూమిదే. దాని చందమామ పేరు మున్. రాకెట్ మనమే కట్టుకోవాలి, మనమే నడుపుకోవాలి.

నేను మొదటిసారి అయాన్ ఇంజిన్ వాడిన రాత్రి బాగా గుర్తుంది. పట్టికలో స్పెసిఫిక్ ఇంపల్స్, అంటే ఇంధనం ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే అంకె, 4200 సెకన్లు అని ఉంది. మామూలు ఇంధనం ఇంజిన్లు 300, 350 దగ్గరే ఆగిపోతాయి. అంటే కిలో ఇంధనానికి పది రెట్లకు పైగా ఫలితం. ఇంకేం ఆలోచించకుండా నాలుగు టన్నుల వాహనానికి ఒకటి బిగించాను. 80 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాను. మున్ దాకా పోవాలంటే సెకనుకు 860 మీటర్ల వేగం కలపాలి. ఇంజిన్ ఆన్ చేశాను. వెనక సన్నగా నీలం వెలుగు. వేగం అంకె సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతోంది. పక్కనుంచి మా అమ్మ వచ్చి చూసి, “ఏందిరా, ఎప్పటి సంది అట్లనే ఉన్నది, కదులుతదా లేదా?” అంది.

లెక్క అప్పుడు వేశాను. 860 మీటర్లకు దాదాపు 28 నిమిషాలు పడుతుంది. ఆ ఎత్తులో గ్రహం చుట్టూ ఒక తిరుగుడే 31 నిమిషాలు! ఆట నాకు గీసి చూపించిన దారేమో వేగమంతా ఒక్క క్షణంలో వచ్చేసినట్టు గీసినది. వాహనం గ్రహాన్ని చుట్టేస్తోంది, ముక్కు మాత్రం మొదట గురిపెట్టిన వైపే ఉంది. అంతలో గ్రహం నీడలోకి వెళ్లాం. సోలార్ పలకలు పనిచేయవు. కరెంటు గీత చూస్తుండగానే కిందికి దిగి సున్నాకు వచ్చింది, నీలం వెలుగు ఆరిపోయింది. త్రీఫేజ్ పోతే బోరు మోటర్ ఆగినట్టే. ఆ కక్ష్యలో ప్రతి తిరుగుడుకూ పది నిమిషాలు నీడే. నాకది తట్టనే లేదు.

ఇంత పొదుపైన ఇంజిన్ ఇంత బలహీనంగా ఎందుకుంటుంది? ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. వెనక్కి వదిలే వాయువు వేగాన్ని రెట్టింపు చేస్తే కిలోకు దొరికే ద్రవ్యవేగం రెట్టింపవుతుంది. కానీ దానికి పెట్టాల్సిన శక్తి నాలుగింతలు, ఎందుకంటే గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. మన దగ్గరున్న కరెంటు ఇంతే అనుకుంటే, వాయువును ఎంత వేగంగా వదిలితే నెట్టే బలం అంత తగ్గుతుంది. ఇంధనం ఆదా కావడమూ, బలం తగ్గడమూ ఒకే లెక్కలోంచి వస్తాయి.

బత్తాయి తోటలున్న ఇళ్ల పిల్లలకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఇంచు నీళ్లు రాని బోరు కింద కాలువ పారిస్తే నీళ్లు చెట్టు దాకా పోవు. అదే బోరుకు డ్రిప్ పెడితే తోట ఎండాకాలం దాటుతుంది. అయాన్ ఇంజిన్ కూడా ఆ డ్రిప్ లాంటిదే.

ఇప్పుడు అసలైన డాన్ అనే అంతరిక్ష వాహనం దగ్గరికి వద్దాం. నాసా దాన్ని 2007 సెప్టెంబర్ 27న పంపింది. ఆటలోని ఇంజిన్‌కు ఆ పేరే ఉంది. అసలు ఇంజిన్ పూర్తి బలం 90 మిల్లీన్యూటన్లు. అరచేతిలో రెండు ఏ4 కాగితాలు పెట్టుకోండి, ఆ బరువంతే. అది తాగే కరెంటు దాదాపు 3 హెచ్‌పీ మోటర్ తాగేంత. రోజంతా నడిచినా ఖర్చయ్యేది పావుకిలో పైచిలుకు జెనాన్ వాయువు. పన్నెండు వందల కిలోల వాహనానికి ఒక రోజులో పెరిగే వేగం గంటకు 23 కిలోమీటర్లు. సైకిల్ వేగం! కానీ 425 కిలోల జెనాన్‌తో, ఏళ్ల తరబడి నెట్టుకుంటూ, సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగం మార్చుకుంది. 2011లో వెస్టా అనే గ్రహశకలం చుట్టూ తిరిగింది, అక్కడినుంచి బయటపడి 2015లో సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం కక్ష్యలోకి చేరింది. భూమిని దాటి రెండు వేర్వేరు లోకాల చుట్టూ కక్ష్యలో తిరిగిన మొదటి వాహనం అదే.

మరి ఆటలో ఇంజిన్ బలం ఎంత? 2 కిలోన్యూటన్లు. అసలుదాని కన్నా 22 వేల రెట్లు. మొదట్లో అర కిలోన్యూటనే ఉండేది, తర్వాత నాలుగింతలు చేశారు. నేను వాళ్లను తప్పుపట్టను. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ ఆటలో కాలాన్ని నాలుగు రెట్లకు మించి పరిగెత్తించలేం. అసలు బలమే పెట్టి ఉంటే నా వాహనానికి 860 మీటర్లు కలపడానికి ఏడాదికి పైనే పట్టేది. ఎవరు కూర్చుంటారు?

కానీ ఆ వెసులుబాటు ఖరీదు ఎంతో చూడండి. బలాన్ని వాయువు వేగంతో గుణించి రెండుతో భాగిస్తే పవర్ వస్తుంది. ఆట అంకెలు వేస్తే సుమారు 41 మెగావాట్లు! మన నాగార్జునసాగర్ పవర్‌హౌస్‌లో ఒక్కో టర్బైన్ 100 మెగావాట్ల పైచిలుకు. ఆటలో పావు టన్ను బరువున్న ఇంజిన్లు రెండున్నర కలిస్తే సాగర్‌లో ఒక టర్బైన్ అన్నమాట. ఆ కరెంటంతా నాలుగు సోలార్ పలకల నుంచి వచ్చినట్టు ఆట చూపిస్తుంది. ఆటను నేను క్లాసుకు తెచ్చింది ఇందుకే. అది ఎక్కడ నిజం చెప్తోందో, ఎక్కడ సర్దుకుందో మీరు కాగితం మీద పట్టుకోగలరు. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

నా వాహనానికి మందు కూడా ఫిజిక్స్‌లోనే దొరికింది. ఒకేసారి నెట్టకూడదు. కక్ష్యలో గ్రహానికి అతి దగ్గరి బిందువు వచ్చినప్పుడల్లా ఐదారు నిమిషాలు నెట్టి, ఆపి, తిరిగి రావాలి. 2023లో చంద్రయాన్-3 భూమి చుట్టూ కక్ష్యను విడతలు విడతలుగా పెంచుకుంటూ పోయింది కూడా ఈ పద్ధతిలోనే. దానిది ద్రవ ఇంధనం ఇంజినే అనుకోండి. విద్యుత్ ఇంజిన్ల వైపు మనవాళ్లు కూడా వచ్చేశారు: 2017లో జీశాట్-9 ఉపగ్రహం, ఆ తర్వాత 2025లో 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టర్ అనే విద్యుత్ ఇంజిన్‌ను ఇస్రో వెయ్యి గంటలు నడిపి పరీక్షించింది.

ఆ రాత్రి ఆగిపోయిన నా వాహనాన్ని నేను తుడిచేయలేదు. వంకర కక్ష్యలో, ట్యాంకులో సగానికి పైగా జెనాన్‌తో అలాగే తిరుగుతోంది. ఆ ఫైల్ ఇవాళ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ముందు కాగితం మీద లెక్క వేసి, ఎన్ని విడతల్లో మున్ చేరుస్తారో నాకు చూపించండి. తర్వాత కంప్యూటర్ దగ్గర కూర్చుందాం.