చేయి వేసే ముందు: లాంబార్డ్ కైరోప్రాక్టిక్ విశ్వవిద్యాలయం చరిత్ర, చదువు

అందరికీ నమస్కారం.

నడుం పట్టేసిందంటే మన ఇళ్లలో పిల్లల్ని పిలిచి వీపు తొక్కమంటారు. క్షవరం అయ్యాక మంగలి తల మర్దన చేసి, గడ్డం పట్టుకుని మెడను ఒక్క తిప్పు తిప్పితే టక్కుమంటుంది. కైరోప్రాక్టిక్ అంటే వెన్నును, కీళ్లను చేత్తో సర్దే చికిత్స. ఆ పేరు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ శబ్దమే. నేను చెప్పబోయేది ఆ శబ్దానికి ముందు జరగాల్సిన పని గురించి. ఆ పనిని పట్టించుకోవాలన్న పంతంతోనే ఎదిగిన సంస్థ ఒకటి షికాగో చుట్టుపక్కల ఉండే మనకు దగ్గర్లోనే ఉంది. అరోరా బాలాజీ గుడికి వెళ్లే మనవాళ్లు షికాగో శివారులోని లాంబార్డ్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో! నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ హెల్త్ సైన్సెస్ ఉన్నది అక్కడే.

ముందు మూలం చూద్దాం. అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే ఊరు. అక్కడ డి.డి. పామర్ 1895లో హార్వీ లిలార్డ్ అనే ఉద్యోగి వెన్నును చేత్తో సరిచేశాడని, అతనికి వినికిడి మెరుగైందని ఈ వృత్తివారు చెప్పుకుంటారు. చెవి నాడి వెన్నులోంచి పోదు కాబట్టి ఆ కథను వైద్యశాస్త్రం ఒప్పుకోదు. పామర్ 1897లో బడి పెట్టాడు. గ్రీకులో చేయి, చేయడం అనే రెండు మాటలు కలిపితే కైరోప్రాక్టిక్. జబ్బులకు మూలం వెన్నుపూసలు తప్పడమేనని ఆయన సిద్ధాంతం.

ఆ బడిలో చదివిన జాన్ ఫిట్జ్ అలన్ హోవర్డ్‌కు ఈ చదువు చాలదనిపించింది. శరీర నిర్మాణం, రోగ నిర్ధారణ గట్టిగా నేర్పాలని 1906లో అదే డావెన్‌పోర్ట్‌లో నేషనల్ స్కూల్ ఆఫ్ కైరోప్రాక్టిక్ పెట్టాడు. రెండేళ్లకే, 1908లో, దాన్ని షికాగోకు తరలించాడు. పెద్ద ఆసుపత్రులు, శవపరీక్షలు చూసే వీలు, ప్రయోగశాలలు ఉన్నది నగరంలోనే కదా. తరవాత పగ్గాలు పట్టిన విలియం చార్లెస్ షుల్జ్ ఎండీ, అంటే అమెరికాలో మామూలు డాక్టర్ల పట్టా, చదివిన వైద్యుడు. దాంతో వృత్తి రెండు పాయలైంది. వెన్ను సర్దడం తప్ప ఇంకేదీ ముట్టకూడదన్నవాళ్లు స్ట్రెయిట్లు. శారీరక పరీక్ష, ఆహారం, వ్యాయామం, నీటి చికిత్స కూడా కావాలన్నవాళ్లు మిక్సర్లు. తిట్టుగా పుట్టిన ఆ రెండో పేరే నేషనల్‌కు దారి అయింది. మన ప్రకృతి చికిత్స చదివినవాళ్లకు తెలిసిన హెన్రీ లిండ్లార్ పెట్టిన కళాశాల 1920లలో ఈ సంస్థలోనే కలిసిపోయింది.

జోసెఫ్ జాన్స్ 1945 నుంచి 1983 వరకు, 38 ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. కళాశాలను 1963లో లాంబార్డ్‌కు తెచ్చింది ఆయన హయాంలోనే. అదే 1963లో ఎండీల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కైరోప్రాక్టిక్‌ను అణచడానికి ఒక కమిటీ వేసింది. 1966లో దీన్ని అశాస్త్రీయ మతంగా ప్రకటించింది. దీనికి జవాబు రెండు చోట్ల దొరికింది. ఒకటి కోర్టులో. 1976లో చెస్టర్ విల్క్, మరికొందరు వేసిన దావాలో, అసోసియేషన్ పోటీ చట్టాన్ని ఉల్లంఘించి బహిష్కరణ నడిపిందని షికాగో ఫెడరల్ న్యాయమూర్తి సుసాన్ గెట్జెండానర్ 1987లో తీర్పు ఇచ్చారు. రెండోది లైబ్రరీలో. 1978లో నేషనల్ మొదలుపెట్టిన పరిశోధన పత్రిక నాలుగేళ్లకు ఇండెక్స్ మెడికస్ అనే వైద్య పత్రికల సూచికలోకి ఎక్కింది. కైరోప్రాక్టిక్ పత్రికల్లో అదే మొదటిది. నా మటుకు రెండోదే పెద్ద విజయం. బహిష్కరించవద్దని కోర్టు చెప్పగలదు, చికిత్స పనిచేస్తుందని చెప్పలేదు.

2000లో కళాశాల విశ్వవిద్యాలయమైంది. ఆ పేరు కిందే ప్రకృతి వైద్యం, ఆక్యుపంక్చర్ కోర్సులు వచ్చాయి, ఫ్లోరిడాలో శాఖ వచ్చింది. ప్రధానమైనది మాత్రం డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్, అంటే డీసీ.

ఇందులో చేరాలంటే డిగ్రీ స్థాయిలో కనీసం 90 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. వాటిలో 24 సైన్సువి, అందులో సగానికి ల్యాబ్ ఉండాలి. సగటు గ్రేడ్ 3.0 ఉంటే మామూలు దారి, తక్కువైతే అదనపు పర్యవేక్షణతో చేర్చుకునే దారి వేరే ఉంది. కొన్ని రాష్ట్రాలు లైసెన్సుకు బ్యాచిలర్ డిగ్రీ పూర్తి కావాలంటాయి. 90 క్రెడిట్లతో ఆగిపోయినవాళ్లకు ఆ సంగతి చివర్లో తెలుస్తుంది. కోర్సు నాలుగేసి నెలల 10 ట్రైమెస్టర్లు, సెలవు తీసుకోకుండా సాగితే 3 ఏళ్ల 4 నెలలు. గుర్తింపు మండలి పెట్టిన కనీస బోధన 4,200 గంటలు. మొదటి సగంలో మృతదేహాన్ని కోసి చూసే అనాటమీ, బయోకెమిస్ట్రీ, నాడీశాస్త్రం. తరవాత రోగ నిర్ధారణ, ఎక్స్‌రే చదవడం, సర్దే పద్ధతులు. ఆఖరి భాగం క్లినిక్‌లో రోగులతో.

అక్కడ నేర్పే ఒక్క పనిని దగ్గర్నుంచి చూడండి, నడుం సర్దడాన్ని. రోగిని పక్కకు పడుకోబెడతారు. పైకాలు మడిచి, ఆ పాదాన్ని కింది మోకాలి వెనక గుంటలో ఆనిస్తారు. ఒక చేత్తో రోగి పై భుజాన్ని నిలబెడతారు. రెండో చేతిలో, చిటికెనవేలి వైపు మణికట్టు దగ్గర బఠాణీ గింజంత ఎముక ఉంటుంది, పిసిఫార్మ్. దాన్ని వెన్నుపూస పక్కన ఆనిస్తారు. ఆ తరవాత కీలులోని వదులంతా నెమ్మదిగా లాగి, ఇక కదలదనిపించే చోట ఆగాలి. అక్కణ్నుంచి శరీరం బరువుతో ఒక్క చిన్న తోపు. సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ, అంతే. వీపు మీద ఇచ్చే తోపు బలం 400 న్యూటన్ల దాకా, అంటే దాదాపు 40 కిలోల బరువంత ఉంటుంది. మెడ మీద అందులో నాలుగో వంతు.

కొత్తవాళ్లు తప్పేది ఎక్కువగా వదులు తీయడంలోనే. వదులు మిగిలి ఉండగానే తోస్తే ఆ బలం కీలు దాకా పోదు, కండరం బిగుసుకుంటుంది, రోగికి నొప్పి. పని జరగలేదని మళ్లీ ఇంకాస్త గట్టిగా తోస్తారు, అది రెండో తప్పు. మూడోది శరీరం వదిలేసి చేతులతో తోయడం. అలా చేస్తే దూరం ఎక్కువ, అదుపు తక్కువ. ఇక ఆ టక్కు శబ్దం మెటికలు విరిచినప్పుడు వచ్చేదే. కీలు ద్రవంలో ఒత్తిడి తగ్గి వాయువు బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. ఎముక స్థానంలోకి వచ్చి కూర్చున్న శబ్దం కాదు. శబ్దం వచ్చేదాకా తోయడం అన్ని తప్పుల్లోకీ చెడ్డది.

చేయి వేయకూడని వేళలు ఇంకా ముఖ్యం. నడుం నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా అది ఎమర్జెన్సీ, నేరుగా ఆసుపత్రికి పంపాలి. క్యాన్సర్ చరిత్ర, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎముకలు గుల్లబారడం, కింద పడి దెబ్బ తగలడం ఉంటే ముందు పరీక్షలు. ఎన్నడూ లేని మెడ నొప్పి హఠాత్తుగా వచ్చి, దానికి తోడు తల తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం ఉంటే మెడను తాకనే కూడదు. మెదడుకు వెళ్లే ధమని గోడ చీలి ఉండవచ్చు. మెడ తిప్పే మంగలికి ఈ ప్రశ్నలు తెలియవు. 4,200 గంటల చదువు ఉన్నది ఇవి అడగడానికే.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో నడుం నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గవాటిలో వెన్ను సర్దడమూ ఉంది. ఆధారం బలం తక్కువేనని కూడా అందులోనే రాశారు. ఉబ్బసానికి, పసిపిల్లల కడుపు నొప్పికి పనిచేస్తుందన్న నమ్మదగ్గ ఆధారం లేదు. ఎవరైనా అలా చెబితే లేచి వచ్చేయండి. ప్రమాద సూచనలేవీ లేని కొత్త నడుం నొప్పికి మొదటి 6 వారాల్లో ఎక్స్‌రే తీయనక్కర్లేదు. వచ్చినవాళ్లందరికీ తీస్తుంటే, ఎందుకని అడగండి.

చదువయ్యాక జాతీయ బోర్డు పరీక్షలు నాలుగు భాగాలు. మొదటిది మూల శాస్త్రాలు, రెండోది క్లినికల్ విషయాలు, మూడోది కేసులు. నాలుగోది చేతితో చేసి చూపేది. ఫిజియోథెరపీ పరీక్ష వేరు. లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. ఇల్లినాయ్‌లో మందులు, శస్త్రచికిత్స లేకుండా వైద్యం చేయడానికి అనుమతి ఉంది. పేరు ముందు డాక్టర్ ఉంటుంది, అయినా అది ఎండీ కాదు. ఇండియాలో ఎంబీబీఎస్‌కు సమానమూ కాదు.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒక లెక్క ముందే వేసుకోండి. ఈ కోర్సు స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల ప్రభుత్వ జాబితాలో లేదు. చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలే, ఇంజనీరింగ్ పిల్లల్లా ఇంకో 24 నెలలు కలవవు. లైసెన్సు రాకుండా రోగుల్ని చూడలేరు కాబట్టి, బోర్డు పరీక్షలో ఒక భాగం తప్పినా ఆ 12 నెలల్లోంచే కరిగిపోతుంది. మొదటి భాగం చదువు మధ్యలోనే రాసేయాలి, చివరికి పెట్టుకోకూడదు. క్యాంపస్ చూడడానికి వెళ్లినప్పుడు భవనాలు చూసి రావొద్దు. అనాటమీ ల్యాబ్‌లో ఒక్కో శరీరానికి ఎంతమంది విద్యార్థులో అడగండి. క్లినిక్‌లో కొత్త రోగిని విద్యార్థి ఎంతసేపు ప్రశ్నలడుగుతాడో, ఎంతసేపటికి చేయి వేస్తాడో గడియారం పెట్టి చూడండి.