నేల మీద చుక్క లేదు, రేడియేటర్‌లో నీళ్లు లేవు

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో 1999 నాటి మారుతీ జెన్ ఉంది. దాన్ని అమ్మేయమని మావాళ్లు ఉగాదికోసారి, దసరాకోసారి చెబుతూనే ఉంటారు. నేను విననని వాళ్లకీ తెలుసు. రెండేళ్ల కిందట ఆ కారు కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తాగడం మొదలుపెట్టింది. వారానికి అర లీటరు. పొద్దున్నే బానెట్ ఎత్తి చూస్తే తెల్ల ప్లాస్టిక్ బాటిల్‌లో మట్టం కింది గీత కన్నా దిగిపోయి ఉండేది. పోసేవాణ్ణి, మళ్లీ తగ్గేది. డిక్కీలో స్టెప్నీ పక్కన ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి కాపురం పెట్టింది.

మెకానిక్‌ని అడిగితే, "పాత బండి కదా సార్, ఎండలకి ఇగిరిపోతాయిలెండి" అన్నాడు. నేనూ తలూపాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్కలేదు. ఆ పాఠమంతా నా కారు బానెట్ కిందే ఉందని తోచలేదు.

ఇంజిన్‌ని చల్లబరిచే ఏర్పాటు వంటింట్లో ప్రెషర్ కుక్కర్ లాంటిదే. వేడెక్కిన ద్రవాన్ని గాలికి చల్లార్చేది రేడియేటర్. దాని మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి అన్ని కిలోల ఒత్తిడి వరకూ ఆ మూత లోపలి నీటిని బిగబట్టి ఉంచుతుంది. 0.9 దగ్గర ఉత్త నీళ్లయినా 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి ఇంకా పెరిగితే, కుక్కర్ వెయిట్ లేచినట్టు మూతలోని స్ప్రింగు లేచి, ఎక్కువైన నీటిని పక్క బాటిల్‌లోకి వదులుతుంది. ఇంజిన్ చల్లారాక మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని ఆ నీళ్లే వెనక్కి వస్తాయి. పోయినవి తిరిగొస్తున్నప్పుడు వారానికి అర లీటరు ఇగిరిపోవడమనేది ఉండదు. తగ్గాయంటే ఎక్కడో దారి ఉన్నట్టే.

ఆ దారి వెతకడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి బండి కింద అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున మరక ఎక్కడ పడిందో, ఏ రంగో చూడండి. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి వేలికి జిగురుగా తగిలితే కూలెంట్. రంగూ జిగురూ లేని నీళ్లయితే ఏసీవి కావచ్చు, వాటికి కంగారు పడక్కర్లేదు. రుచి మాత్రం చూడొద్దు, ఎందుకో చివర్లో చెబుతాను. తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రబ్బరు పైపులు నొక్కి చూడండి. క్లిప్పు బిగించిన చోట పగుళ్లున్నా, పైపు ఉబ్బి మెత్తబడినా మార్చేయడమే. వాటర్ పంపు కింద సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు పోతే నీళ్లు అక్కణ్ణుంచే కారాలని కంపెనీవాళ్లే పెట్టిన రంధ్రం అది. కొందరు దాన్నే ఎం-సీల్‌తో మూసేస్తారు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కారే నీళ్లు బయటికి పోయే దారి లేక బేరింగ్‌లోకి పోతాయి.

నా బండి కింద పరిచిన అట్ట మీద చుక్క కూడా పడలేదు. అయినా మా మెకానిక్ ముందు పైపులు మార్చాడు, తర్వాత రేడియేటరే మార్చాడు. మట్టం తగ్గడం ఆగలేదు. చివరికి ఎవరో చెబితే విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. షెడ్డులో నీళ్ల తొట్టి ఉంది. రేడియేటర్ రంధ్రాలన్నీ బిరడాలతో మూసి, గాలి పట్టి, తొట్టిలో ముంచుతారు. సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే, బుడగ లేచిన చోట చాక్‌పీసు గుర్తు. పాత రాగి, ఇత్తడి రేడియేటరయితే టంకం పెట్టేస్తారు. తర్వాత వచ్చిన వాటికి మధ్యలో అల్యూమినియం, పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకు. ఆ ప్లాస్టిక్ పగిలితే టంకం నిలవదు.

ఆయన నా రేడియేటర్ జోలికే పోలేదు. "ఆ కొత్తది బాగానే ఉంటుంది మాస్టారు, మీరు ఇంజిన్ చల్లారనివ్వండి" అన్నాడు. టీ తాగి వచ్చాక మూత తీసి, ఆ చోట గేజి ఉన్న చేతి పంపు ఒకటి బిగించాడు. ముల్లు 0.9కి వచ్చేదాకా కొట్టి వదిలేశాడు. మూత మీది అంకె దాటి కొట్టకూడదట. ఇద్దరం ముల్లు వంకే చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలకి 0.6కి దిగింది. బండి కింద నేల పొడిగానే ఉంది.

"బయట లేదంటే లోపలే" అన్నాడు. లోపల అంటే నా గుండె జారింది. ఇంజిన్ పై భాగాన్ని హెడ్ అంటారు, దానికీ కింది దిమ్మకీ మధ్య బిగించే పల్చటి పలక హెడ్ గ్యాస్కెట్. అది పోయిందంటే ఖర్చు మామూలుగా ఉండదు. జెన్ ఇంజిన్ అంతా అల్యూమినియం, బాగా వేడెక్కితే హెడ్ వంకర పోతుంది, ఫేసింగ్ చేయించాలి, అంటే అరగదీసి చదును చేయించాలి. ఆ గుర్తులన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఆయిల్ మూత అడుగున కాఫీ నురగ లాంటిది లేదు. వెనక గొట్టంలోంచి ఆగకుండా తెల్ల పొగ రావడం లేదు. స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై పైపు రాయిలా గట్టిపడటం లేదు. అప్పటికీ గాజు గొట్టంలో నీలం మందు పోసి రేడియేటర్ మూతి మీద పెట్టాడు. సిలిండర్‌లో కాలిన గ్యాసు నీళ్లలోకి వస్తుంటే నీలం కాస్తా పసుపు పచ్చగా మారుతుంది. అది నీలంగానే ఉండిపోయింది.

అప్పుడు ఎడమవైపు తలుపు తీసి, మ్యాట్ ఎత్తి, అడుగున చెయ్యి పెట్టాడు. వేళ్లు జిగురుగా వచ్చాయి.

దోషం హీటర్‌ది. డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది, వేడి కూలెంట్ అందులోంచి వెళ్లి వస్తుంది. మన బెజవాడలో కారుకి హీటరుందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. కానీ గుర్తులన్నీ ఆర్నెల్లుగా కళ్లెదుటే ఉన్నాయి. అద్దం మీద ఆవిరి పడితే వానాకాలం అనుకున్నాం. తుడిస్తే నూనె పూసినట్టు జిడ్డు చార వచ్చేది, గుడ్డ మురికిదనుకున్నాం. మ్యాట్ తడిసింది మనవరాలి వాటర్ బాటిల్ వల్ల అనుకున్నాం. బండిలో పాకం వాసన వస్తుంటే, ఊరి నుంచి తెచ్చిన బెల్లం కరిగి కారిందేమోనని మా ఆవిడ డిక్కీ అంతా కడిగించింది.

కొత్త హీటర్ కోర్ వెయ్యాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఇరవయ్యేళ్ల ప్లాస్టిక్, విప్పితే మళ్లీ కుదురుకోదు. ఆయన ఒక్కటే అడిగాడు, "చలికాలంలో లంబసింగి వెళ్తుంటారా మాస్టారు?" లేదన్నాను. ఇంజిన్ నుంచి హీటర్‌కి వెళ్లే పైపులు రెండూ ఊడదీసి, ఒక వంపు గొట్టంతో ఒకదానికొకటి కలిపేసి క్లిప్పులు బిగించాడు. అరగంట పని. మళ్లీ పంపు కొడితే ముల్లు కదల్లేదు.

అక్కడే ఉన్న లారీ డ్రైవర్ ఒకతను, "ఇంత ఎందుకండీ, గుప్పెడు పసుపేస్తే సరిపోయేదిగా" అన్నాడు. పసుపు పనిచేయదని అనను. హైవే మీద సూదిబెజ్జమంత లీకుకి వేస్తే దగ్గర్లోని ఊరు చేరవచ్చు. ఆ తర్వాత అదే పసుపు రేడియేటర్ సన్న గొట్టాల్లో ముద్దకడుతుంది. లీక్ ఆపే మందులని డబ్బాల్లో అమ్మేవాటిదీ అదే కథ. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకని పీకేసేవాళ్లు కూడా ఉన్నారు. రేడియేటర్‌కి నీళ్లు వెళ్లే దారిలో ఉండే వాల్వు అది. అది దాదాపు 82 డిగ్రీల దాకా మూసి ఉండి ఇంజిన్‌ని త్వరగా వేడెక్కనిస్తుంది. లేకపోతే పెట్రోలూ ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ కూడా త్వరగా అరుగుతుంది.

బోరు నీళ్లు పోయడం నేను చేసిన ఇంకో పాపం. బిందె అడుగున పట్టే తెల్ల పొరే ఇంజిన్‌లోనూ పడుతుంది. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుంటాం, మనకి గడ్డకట్టే చలి ఎక్కడిది? అందులో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, మనకి కావలసినవి అవి. చిక్కటి కూలెంట్ కొంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బ్యాటరీలో పోసే నీళ్లని షాపులో దొరుకుతాయి. యాసిడ్ కాదు, చూసి అడగండి. కొత్తగా నింపాక మూత తీసే ఉంచి ఇంజిన్ కాసేపు నడపాలి. బుడగలు రావడం ఆగేదాకా పైపుల్ని మెల్లగా నొక్కుతూ, తగ్గినంత పోస్తూ ఉండాలి. గాలి లోపల చిక్కుకుంటే నీళ్లు నిండుగా ఉన్నా బండి వేడెక్కుతుంది.

దారిలో ముల్లు ఎర్ర గీతకి వస్తే బండి పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయండి. కనీసం అరగంటైనా మూత ముట్టుకోవద్దు. ఆవిరి పోకుండా కుక్కర్ మూత లాగితే ఏమవుతుందో ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. మరిగే ఇంజిన్‌లో చన్నీళ్లు పోసినా ప్రమాదమే, హెడ్ పగలవచ్చు.

ఇందాక రుచి చూడొద్దన్నాను కదా. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాల్ని పాడుచేసే విషం. వీధి కుక్కలు, పిల్లులు తీపికి నాకి చచ్చిపోతాయి. తీసేసిన పాతదాన్ని కాలవలో పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి గ్యారేజీకి ఇచ్చేయండి. ఆ డబ్బా మీద పెద్దక్షరాలతో విషం అని రాయండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పొయ్యొద్దు, ఇంట్లో పిల్లలుంటారు.

నమస్కారం.