జనవరి 26: ఇరవై ఏళ్లు దాచుకున్న తేదీ

అందరికీ నమస్కారం.

ముందు ఒక జారుముడి గురించి చెప్తాను. మా ఊరి హైస్కూల్లో జనవరి 26న తెల్లవారుజామున, ఇంకా మంచు కురుస్తుండగానే, డ్రిల్లు మాస్టారు జెండాను బల్ల మీద పరిచేవారు. మేము ఇళ్ల దగ్గర్నుంచి బంతిపూలు, చామంతులు పట్టుకెళ్లి రేకులు తుంచిపెట్టేవాళ్లం. మాస్టారు జెండాను మడిచి, మధ్యలో గుప్పెడు రేకులు పోసి, మూటలా చుట్టి తాడుతో ముడి వేసేవారు. బిగుసుకుంటే హెడ్మాస్టారు ఎంత లాగినా విడిపోదు. వదులైతే పైకి వెళ్లకముందే రేకులన్నీ రాలిపోతాయి. అందుకని రెండు మూడుసార్లు లాగి చూసుకుని, అప్పుడు మూటను కర్ర చివరిదాకా ఎక్కించేవారు. ఊరి పెద్దలందరి ముందూ ఆ ముడి విడిపోయేదాకా ఆయనకు టెన్షనే. విడిపోయి, పూలు మా తలల మీద పడ్డాక ఆయన ముఖం చూడాలి!

మా స్కూల్లో ఆగస్టు 15కీ ఇదే పద్ధతి. ఢిల్లీలో మాత్రం తేడా ఉంటుంది. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధానమంత్రి జెండాను కింది నుంచి పైకి ఎగరేస్తారు. జనవరి 26న జెండా ముందే పైన కట్టి ఉంటుంది, రాష్ట్రపతి తాడు లాగి విప్పుతారు. 1950 నాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చేసింది కాబట్టి జెండా అప్పటికే పైన ఉందని దానర్థం.

సరే, జనవరి 26నే ఎందుకు? ఈ ప్రశ్న అడిగితే చాలామంది "ఆ రోజు రాజ్యాంగం అమల్లోకి వచ్చింది కదా" అంటారు. నిజమే. కానీ రాజ్యాంగం 1949 నవంబర్ 26నే ఆమోదం పొందింది. పౌరసత్వం, ఎన్నికల వంటి కొన్ని నిబంధనలు ఆ రోజునుంచే అమల్లోకి వచ్చాయి కూడా. మిగతాదాన్ని సరిగ్గా రెండు నెలలు ఆపారు. ఒక తేదీ కోసం ఆపారు.

ఆ తేదీ కథ లాహోర్‌లో మొదలవుతుంది. 1929 డిసెంబర్‌లో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది, అధ్యక్షుడు జవాహర్‌లాల్ నెహ్రూ. బ్రిటిష్ వాళ్ల కిందే ఉంటూ కొన్ని అధికారాలు ఇమ్మని అడగడం ఇక చాలు, సంపూర్ణ స్వరాజ్యమే కావాలని అక్కడ తీర్మానించారు. డిసెంబర్ 31 అర్ధరాత్రి, ఎముకలు కొరికే చలిలో, రావి నది ఒడ్డున మూడు రంగుల జెండా ఎగరేశారు. 1930 జనవరి 26న దేశమంతా ఊరూరా జనం గుమిగూడి స్వరాజ్య ప్రతిజ్ఞ చదివారు. ఆ తర్వాత ఏటా ఆ రోజును స్వాతంత్ర్య దినంగా జరుపుకున్నారు. రాని స్వాతంత్ర్యానికి ముందే పండుగ చేసుకున్నారు! లాఠీలు, అరెస్టులు ఉన్న రోజుల్లో, ఏళ్ల తరబడి.

తీరా చూస్తే స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చింది. అది మనం పెట్టుకున్న ముహూర్తం కాదు, మౌంట్‌బాటన్ ఎంచుకున్నది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ లొంగిపోయి ఆ రోజుకి రెండేళ్లు. జనవరి 26 మాత్రం మనవాళ్లు పెట్టుకున్న తేదీ. అందుకే దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. నాకు ఈ పండుగలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఇంకో మాట. 1947 ఆగస్టు 15 తర్వాత కూడా రెండున్నరేళ్ల దాకా మన దేశాధిపతి ఇంగ్లండ్ రాజు ఆరో జార్జే. ఆయన పేరు మీద గవర్నర్ జనరల్ ఉండేవారు, దేశం చాలావరకు 1935 నాటి బ్రిటిష్ చట్టం మీదే నడిచేది. రాజు లేని దేశం అయింది 1950 జనవరి 26 ఉదయమే.

ఈ రెండున్నరేళ్లలో రాజ్యాంగ సభ చేసిన పని అంతా ఇంతా కాదు. అంబేడ్కర్ అధ్యక్షతన ముసాయిదా కమిటీ కూర్చుంది. అందులో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. తర్వాత ఒక సభ్యుడు తప్పుకుంటే ఆ స్థానంలోకి మచిలీపట్నంలో పుట్టిన న్యాపతి మాధవరావు వచ్చారు. ఇక రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి. 1923 కాకినాడ కాంగ్రెస్ సమయంలో, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన వాలంటీరు పిల్ల ఆవిడే! ఆ పిల్ల పెరిగి పెద్దదై, అదే నెహ్రూ కూర్చున్న సభలో రాజ్యాంగంలోని ఒక్కో వాక్యం మీద వాదించింది. సభలోని మహిళలు 15 మందే, వాళ్లలో ఒకరు మన రాజమండ్రి నుంచి వెళ్లారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1950 జనవరి 24న 284 మంది సంతకాలు చేశారు. 395 అధికరణాలున్న ఆ గ్రంథాన్ని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాశారు. నందలాల్ బోస్, శాంతినికేతన్ కళాకారులు బొమ్మలు వేశారు. అదే రోజు జనగణమన జాతీయ గీతమైంది.

26న ఉదయం 10 గంటల 18 నిమిషాలకు భారత్ గణతంత్రమైంది. మరో ఆరు నిమిషాలకు రాజేంద్ర ప్రసాద్ తొలి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మొదటి పరేడ్ ఇర్విన్ స్టేడియంలో జరిగింది, ముఖ్య అతిథి ఇండోనేసియా అధ్యక్షుడు సుకర్ణో. 1955 నుంచి రాజ్‌పథ్‌కి మారింది, ఇప్పటి పేరు కర్తవ్యపథ్. శకటాల గురించి మీకు తెలిసిందే. 2025లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఏటికొప్పాక బొమ్మలు వెళ్లాయి. అంకుడు కర్రకు లక్క రంగులు అద్ది చేసే ఆ బొమ్మలు ఢిల్లీ నడివీధిలో ఊరేగుతుంటే మా ఇంట్లో అందరం టీవీకి అతుక్కుపోయాం.

1950లో ఆ రోజుకి తెలుగువాళ్లం రెండు రాష్ట్రాల్లో ఉన్నాం. కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో, తెలంగాణ హైదరాబాద్ రాష్ట్రంలో. 1950 జనవరి 26నే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాద్‌కు రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి) అయ్యారు. అంటే నిన్నటిదాకా హుజూర్‌గా ఉన్న మనిషి రాజ్యాంగానికి లోబడిన పదవిలోకి వచ్చారు. గుంటూరు రైతూ, నల్లగొండ రైతూ, ఏడో నిజామూ ఒకే రాజ్యాంగం కింద పౌరులు.

పౌరులన్నాక ఓటు ఉండాలి కదా. బ్రిటిష్ కాలంలో ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు చూసి కొందరికే ఓటు ఇచ్చేవారు. రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఇచ్చింది, 1989లో దాన్ని 18కి తగ్గించారు. ఎన్నికల సంఘం కూడా రిపబ్లిక్ డేకి ఒక్క రోజు ముందు, 1950 జనవరి 25న పుట్టింది. మొదటి ఎన్నికలకు 17 కోట్లకు పైగా ఓటర్ల జాబితా రాయాల్సి వచ్చింది.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. ముఖ్యంగా ఉత్తరాదిలో, చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానా ఆయన భార్య, ఫలానా అబ్బాయి తల్లి, అలాగే రాసుకోమన్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కుదరదన్నారు. ఓటరు అంటే సొంత పేరు ఉన్న మనిషి. చివరికి దాదాపు 28 లక్షల మంది మహిళలు జాబితాలో లేకుండా పోయారు. కఠినంగానే అనిపిస్తుంది, కానీ ఆయన చేసింది సరైన పనే అంటాను నేను.

మా నాయనమ్మ తాతయ్య పేరు ఎప్పుడూ పలికేది కాదు. ఆవిడ పేరు పెట్టి పిలిచేవాళ్లూ ఊళ్లో ఎవరూ ఉండేవారు కాదు, అందరికీ ఆవిడ "పెద్దమ్మాయి గారే". ఓటు చీటీ మాత్రం బొడ్లో దోపుకుని, పోలింగ్ బూత్ గుమ్మంలో తీసి ఇచ్చేది. లోపల కూర్చున్న ఆఫీసరు ఆవిడ పూర్తి పేరు గట్టిగా చదివేవాడు.

మీ ఇంట్లో తొలి ఎన్నికల్లో ఓటేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ సెలవు రోజున వాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఏ ఊళ్లో వేశారు, ఎంత దూరం నడిచి వెళ్లారు, ఆ రోజు ఏ చీర కట్టుకున్నారు. వాళ్లు చెప్పింది కింద కామెంట్లలో రాయండి, నేను ఒక్కోటీ చదువుతాను.