నెలకు 250 డాలర్ల కోచ్

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, తోటి ఫిజికల్ డైరెక్టర్లకు, ముందు వరుసలో కూర్చున్న మన బాస్కెట్‌బాల్ అమ్మాయిలకు జాతీయ క్రీడా దినోత్సవ శుభాకాంక్షలు. ఈ రోజున ధ్యాన్‌చంద్ గారి గురించి మాట్లాడటం ఆనవాయితీ. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆ పని చక్కగా చేశారు కాబట్టి నేను ఇంకో దారిలో వెళ్తాను. కోచ్ ఉద్యోగం గురించి మాట్లాడతాను.

అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ప్యాట్ సమ్మిట్ అనే ఆవిడ 38 సీజన్ల పాటు మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌గా పనిచేశారు. 1,098 మ్యాచ్‌లు గెలిచారు, 208 ఓడారు. ఎనిమిదిసార్లు జాతీయ టైటిల్ కొట్టారు. ఈ అంకెలు మీ ఫోన్లోనే దొరుకుతాయి. నాకు ఆసక్తి ఆవిడ చేరిన రోజుల మీద, ఎందుకంటే అప్పటికి అది ఉద్యోగమని చెప్పుకునేంత ఉద్యోగం కాదు.

1974లో ఆవిడకు 22 ఏళ్లు. పీజీ చదువుకుంటూ అసిస్టెంట్‌గా ఉందామని వచ్చారు. ఉన్న కోచ్ పై చదువులకు వెళ్లడంతో జట్టు మొత్తం ఈవిడ నెత్తిన పడింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో కొందరు ఆవిడ కంటే ఒక్క ఏడాదే చిన్నవాళ్లు. వ్యాన్ నడపడం ఆవిడే, మ్యాచ్ అయ్యాక జెర్సీలు ఉతకడమూ ఆవిడే. పోనీ ఆ జెర్సీలు యూనివర్సిటీ కొనిచ్చిందా అంటే అదీ లేదు, అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మి పోగేసిన డబ్బుతో కొన్నవి. ఒకసారి బయటి ఊరికి ఆడటానికి వెళ్లి, రాత్రికి ఎదుటి జట్టు జిమ్‌లోనే నేల మీద పడుకున్నారు. మొదటి మ్యాచ్ 84-83తో, ఒక్క పాయింటు తేడాతో పోయింది.

పీడీ గార్లు నవ్వుతున్నారు! నవ్వరా మరి. టోర్నమెంటుకి జనరల్ బోగీలో వెళ్లి, ఏదో స్కూల్లో బెంచీలు పక్కకు జరిపి పడుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

అయితే ఆవిడకు కాలం కలిసొచ్చింది, అది కూడా చెప్పాలి. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. కేంద్ర నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారాంశం. చట్టమైతే వచ్చింది కానీ డబ్బు వెంటనే రాలేదు. అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. మగవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న దాని జాతీయ టోర్నమెంటు ఆడవాళ్లకు మొదలైంది 1982లో.

అప్పట్లో టెన్నెసీ హైస్కూళ్లలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఎలా ఉండేదో వినండి. జట్టుకి ఆరుగురు. ముగ్గురు కోర్టులో ఈ సగంలో, ముగ్గురు ఆ సగంలో. మధ్య గీత దాటకూడదు. ఈవైపు వాళ్లు బుట్టలో వేయడమే, ఆవైపు వాళ్లు అడ్డుకోవడమే. అమ్మాయిలు కోర్టంతా పరిగెత్తితే తట్టుకోలేరని కొందరు పెద్దల భయం. అంటే స్కూలంతా గార్డుగా, అంటే అడ్డుకునే వైపే, ఆడిన పిల్ల మ్యాచ్‌లో ఒక్క షాట్ కూడా వేయకుండానే కాలేజీకి వచ్చేది! ఇలాంటి పిల్లలతో నేను జట్టు ఎలా కట్టాలి అని సమ్మిట్ గట్టిగా వాదించారు. 1979లో ఆ పద్ధతి పోయింది. పొలం పనులు చేస్తూ, గడ్డి దాచే కొట్టం అటక మీద బుట్ట కట్టుకుని ముగ్గురు అన్నలతో ఆడి పెరిగిన మనిషి ఆవిడ. అమ్మాయి తట్టుకోలేదంటే నమ్ముతారా?

ఆవిడ ఏమీ మెత్తని మనిషి కాదు. కళ్లెర్ర చేసి చూస్తే చాలు, పెద్ద పెద్ద ప్లేయర్లకు కూడా టెన్షన్ పుట్టేదట. ఒకసారి జట్టు రాత్రి పార్టీ చేసుకుందని తెలిసి, పొద్దున్నే నాలుగు మూలలా చెత్తడబ్బాలు పెట్టించి పరిగెత్తించారు. వాంతి వస్తే అందులో చేసుకోవాలి, మళ్లీ పరిగెత్తాలి. దీన్ని అక్కడ ఘనంగా చెప్పుకుంటారు కానీ నాకు నచ్చదు. నా అమ్మాయిల చేత నేను చేయించను.

నచ్చింది ఇంకొకటి ఉంది. క్లాసులో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలని ఆవిడ రూలు. క్లాసు ఎగ్గొడితే మ్యాచ్ ఉండదు, ఎంత స్టార్ అయినా సరే. తన దగ్గర నాలుగేళ్లూ ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తిచేసింది. ప్రతి అమ్మాయీ! స్పోర్ట్స్ కోటాలో సీటిచ్చి, అటెండెన్స్ వేసి, చదువు సంగతి మర్చిపోయే కాలేజీలు మనకు తెలియనివా?

ఆవిడ పేరు మోగిపోయాక అదే యూనివర్సిటీ మగవాళ్ల జట్టుకి కోచ్‌గా రమ్మని అడిగింది. ఒద్దన్నారు. అది ప్రమోషన్ ఎలా అవుతుందని తిరిగి ప్రశ్నించారు. జెర్సీలు ఉతుక్కుంటూ మొదలుపెట్టిన ఉద్యోగాన్ని అంత ఎత్తుకు తెచ్చుకున్న మనిషి కాబట్టి ఆ మాట అనగలిగారు.

2011లో, 59 ఏళ్లకే ఆవిడకు అల్జీమర్స్ అని తేలింది. దాచుకోలేదు, అందరికీ చెప్పారు. ఇంకో సీజన్ జట్టుతోనే ఉండి 2012లో తప్పుకున్నారు. 2016లో పోయారు.

ఇక్కడ చిక్కు ఒకటుంది. టైటిల్ నైన్ వచ్చినప్పుడు అమెరికా కాలేజీల్లో మహిళల జట్లకు నూటికి తొంభై మందికి పైగా మహిళలే కోచ్‌లు. డబ్బు, జీతాలు, టీవీ వచ్చాక, 2014 నాటికి అది 43 శాతానికి పడిపోయింది. జీతం లేనప్పుడు ఆడవాళ్ల పనిగా ఉన్నది జీతం రాగానే అందరి పనీ అయిపోయింది. టెన్నెసీలో మాత్రం సమ్మిట్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఆవిడ శిష్యురాలు హోలీ వార్లిక్, 2019లో మరో శిష్యురాలు కెల్లీ హార్పర్, 2024లో కిమ్ కాల్డ్‌వెల్. ముగ్గురూ మహిళలే.