సోషల్‌లో తొంభై సరే, ఏ సగంలో వచ్చాయి?

అందరికీ నమస్కారం. ఎండాకాలం ఆదివారం పూట ఇంతమంది వచ్చారంటే ఇంట్లో హిస్టరీ తీసుకోవాలా, జాగ్రఫీనా, రెండూనా అన్న పంచాయితీ ఇంకా తెగలేదన్నమాట. పిల్లలు ముందు వరుసల్లోకి రండి. పరీక్ష రాసేది మీరే.

ముందు ఈ ప్రశ్న ఎవరికి వస్తుందో చూద్దాం. మన స్టేట్ సిలబస్‌లో పదో తరగతి దాకా ఎంచుకునే పనే లేదు. సోషల్ అని ఒకటే సబ్జెక్టు. పుస్తకం మొదటి భాగంలో భూస్వరూపాలు, శీతోష్ణస్థితి, నదులు, జనాభా ఉంటాయి. రెండో భాగంలో ప్రపంచ యుద్ధాలు, జాతీయోద్యమం, రాజ్యాంగం, తెలంగాణ ఉద్యమం. ఐసీఎస్ఈలో హిస్టరీ, సివిక్స్ కలిపి ఒక పేపరు, జాగ్రఫీ ఒక పేపరు, రెండూ రాయాల్సిందే. ఎంపిక వచ్చేది రెండు చోట్ల. కేంబ్రిడ్జ్ సిలబస్ స్కూళ్లలో తొమ్మిదిలోకి వెళ్లేటప్పుడు, మిగతా అందరికీ పది అయిపోయాక.

అప్పుడు తల్లిదండ్రులు చెప్పే మొదటి మాట, "మా వాడికి సోషల్‌లో తొంభై వచ్చాయండీ, రెండూ తీసుకుంటాడు." ఈ తొంభై ఒక మూట. ముడి విప్పకుండా దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. ఇంటికెళ్లి ప్రీ ఫైనల్ ఆన్సర్ షీట్లు తీయండి. హిస్టరీ, సివిక్స్ ప్రశ్నలకు ఒక రంగు, జాగ్రఫీ ప్రశ్నలకు ఇంకో రంగు గీయండి. తర్వాత ఒక్కో రంగులో పోయిన మార్కులు ఎక్కడ పోయాయో చూడండి: మ్యాప్ పాయింటింగ్‌లోనా, పట్టికో గ్రాఫో ఇచ్చి అడిగిన చోటనా, కారణాలు రాయమన్న చోటనా, పేర్లూ సంవత్సరాలూ గుర్తుపెట్టుకోవాల్సిన బిట్లలోనా. మూడు పరీక్షల పేపర్లు చూస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు. బిట్లలో పోయినవి పెద్ద లెక్కలోవి కావు, నెల రోజుల్లో సర్దుకుంటాయి. పట్టిక చూసి రెండు వాక్యాలు రాయలేకపోతే మాత్రం ఆగి ఆలోచించాలి, పై తరగతి జాగ్రఫీ సగం అదే. కారణాలు రాయమంటే ఐదు పాయింట్లు వేర్వేరుగా పడేసి, ఒకదానికొకటి ముడిపెట్టకపోతే హిస్టరీ కష్టమవుతుంది.

ఇంకో చిక్కుంది. చాలా స్కూళ్లలో సోషల్ అంతా ఒకే టీచరు చెబుతారు. ఆయన ఎంఏ హిస్టరీ అయితే జాగ్రఫీ పాఠాలు గైడు చదివించినట్టు సాగుతాయి, ఆమె జాగ్రఫీ మనిషైతే యుద్ధాలన్నీ తేదీల జాబితా అయిపోతాయి. మీ అమ్మాయికి నచ్చనిది సబ్జెక్టా, చెప్పిన తీరా అన్నది విడదీసి చూడాలి. అందుకు మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒక సంఘటన తీసుకుందాం.

1908 సెప్టెంబరు 28, మూసీ వరద. రెండు సబ్జెక్టులకూ ఇది సరుకే. కానీ అడిగే తీరు వేరు.

జాగ్రఫీ అడిగేది, నీళ్లు ఎందుకలా వచ్చాయని. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పారి నగరంలోకి వస్తుంది. ఎగువ ప్రాంతమంతా గట్టి రాయి, దాని మీద చాలాచోట్ల పలుచటి మట్టి. నేలలోకి ఇంకే నీళ్లు తక్కువ, పెద్ద వాన పడితే పడ్డది పడ్డట్టు వాగుల్లోకి దిగుతుంది. పైన గొలుసుకట్టు చెరువులు, ఒకదాని అలుగు నీళ్లు కింది చెరువుకు. మామూలు వానలకు ఈ అమరిక వరదను పట్టి ఉంచుతుంది. కట్ట తెగిన రోజున అదే వరదను పెంచుతుంది. పై చెరువు నీళ్లన్నీ ఒక్క ఊపున కింది దాని మీద పడి దాన్నీ తెంచుకుపోతాయి. ఆ రోజు జరిగింది అదే, ఒకటీ రెండూ కాదు, వరసగా చెరువులు తెగాయి. ఇది పరీక్షలో రాయాలంటే పరీవాహక ప్రాంతం బొమ్మ గీసి, చెరువులు చుక్కలుగా పెట్టి, బాణాలతో ప్రవాహం చూపాలి. "భారీ వర్షాల వల్ల వరదలు వచ్చాయి" అని పేజీ నింపితే సగం మార్కులు కూడా రావు.

హిస్టరీ అడిగేది వేరు. మృతులు సుమారు 15 వేలని ఎక్కువ చోట్ల రాస్తారు, ఇంకోచోట ఇంకో లెక్క కనిపిస్తుంది. ఎందుకు తేడా? లెక్క రాసింది ఎవరు, ఎప్పుడు, ఎవరికి చూపించడానికి? ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్న ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ రాసిన పద్యం ఒక ఆధారం. వరదల నివారణకు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సాంకేతిక నివేదిక ఇంకో ఆధారం. పద్యం చెప్పేది నివేదిక చెప్పదు, నివేదికలో ఉన్న కొలతలు పద్యంలో ఉండవు. ఏది దేనికి పనికొస్తుందో చెప్పగలగడమే పై తరగతుల హిస్టరీ. మనవాళ్లు ఇక్కడ చేసే తప్పు ఒకటుంది. "వరద వచ్చింది, నిజాం జలాశయాలు కట్టించాడు" అని ఒకే వాక్యంలో తేల్చేస్తారు. వరద నాటికి పాలకుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యేనాటికి ఏడో నిజాం. మధ్యలో 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. 1908 నుంచి 1920 దాకా ఆ పన్నెండేళ్లలో ఏం జరిగింది, నది ఒడ్డున ఎవరి ఇళ్లు పోయి ఏ కట్టడాలు లేచాయన్నదే అసలు జవాబు.

ఈ రెండు పనులూ మీ పిల్లల చేత చేయించండి. వారం గడువివ్వండి, ఒక్కోటి రెండు పేజీలు మించొద్దు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ రోజు జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉంది, తీసుకెళ్లి చూపించండి. ఏది అడగకుండానే మళ్లీ తిరగరాశారో, దేనికి మీరు వెంటపడాల్సి వచ్చిందో చూస్తే మార్కుల మెమో కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇటీవలి నమూనా ప్రకారం హిస్టరీ రాత పరీక్ష 80, ప్రాజెక్టు 20. జాగ్రఫీ రాత 70, ప్రాక్టికల్ 30. రెండింటికీ మూడేసి గంటలు. హిస్టరీలో 8 మార్కుల పెద్ద ప్రశ్నలు మూడు, ఒక్కోటి 300 నుంచి 350 మాటలు. మార్కుకి రెండుంపావు నిమిషాలు, అంటే ఒక్కో పెద్ద జవాబుకి 18 నిమిషాలు. గడియారం పెట్టి ఒకసారి రాయించి చూడండి. నిమిషానికి కనీసం 17 మాటల లెక్కన చేతిరాత సాగాలి, అదీ ఆలోచిస్తూ. ఇవి కాక ఇచ్చిన భాగం చదివి జవాబు రాసే 4 మార్కుల ప్రశ్నలు మూడు, మ్యాప్ 5 మార్కులు. జాగ్రఫీలో పెద్ద ప్రశ్న 5 మార్కులే, 120 నుంచి 150 మాటలు, అలాంటివి ఐదు. మ్యాప్ 10 మార్కులు. చేతిరాత నెమ్మదైన పిల్లలకు జాగ్రఫీ కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది. కానీ ఏడాది పొడవునా రికార్డు పని వెంటాడుతుంది. "చదివేదేముంది, బొమ్మలే కదా" అనుకుని చేరినవాళ్లు జనవరిలో ఇరుక్కుంటారు. గ్రాఫులూ మ్యాపులూ పెన్సిల్‌తో కొలతగా గీయాల్సినవి, ఒక్క రాత్రిలో నింపేవి కావు.

రెండూ కలిస్తే లాభం ఎక్కడో కూడా చూడాలి. హరప్పా స్థలాలు మ్యాప్‌లో పెట్టమంటే లోథాల్‌ని తీసుకెళ్లి కచ్‌లో పెట్టేస్తారు, ధోలావీరా పక్కన. లోథాల్ ఖంభాత్ సింధుశాఖ వైపున్న ఊరు. ఓడల వర్తకం గురించి చదివిన ఊరు సముద్రపు పాయకి దగ్గరగా ఉండాలని జాగ్రఫీ చదివిన బుర్రకు తట్టుతుంది. కానీ రెండూ ఒకటే కాబట్టి శ్రమ సగమవుతుందని లెక్కేసుకోకండి. సిలబస్ కలిసేది బాగా కొద్దిగా. పుస్తకాలు మాత్రం హిస్టరీకి మూడు భాగాలు, జాగ్రఫీకి రెండు, పైన ప్రాక్టికల్ పుస్తకం.

ప్రాక్టికల్ అంటే ఏమిటో తెలియక భయపడేవాళ్లున్నారు కాబట్టి ఒక్కటి చేసి చూపిస్తాను. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలూ వాగులూ ఊళ్లూ చూపే మ్యాపులు, వాళ్ల వెబ్‌సైటులో రిజిస్టరై ఉచితంగా దించుకోవచ్చు. స్కేలు 1:50,000 అంటే 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. గడి గడికీ 2 సెంటీమీటర్లు. ఒక గుడి ఎక్కడుందో ఆరంకెల్లో చెప్పాలంటే గడిని అడ్డంగా పది, నిలువుగా పది భాగాలు చేసుకోవాలి, ఒక్కో భాగం 2 మిల్లీమీటర్లు. ముందు అడ్డం కొలత మూడంకెలు, తర్వాత నిలువు కొలత మూడంకెలు. ముందు వీధిలో నడిచి, తర్వాత మేడ ఎక్కినట్టు. తిరగేసి రాసేవాళ్లే ఎక్కువ. అరిగిన స్కేలుతో 2 మిల్లీమీటర్లు తప్పితే అంకె మారిపోయి మార్కు పోతుంది.

వాలు లెక్క కూడా అంతే. ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, 20 మీటర్లకొకటి ఉంటాయి. ఒక చోటు 540 మీటర్లు, ఇంకోటి 620. తేడా 80. మ్యాప్ మీద మధ్య దూరం 4 సెంటీమీటర్లు, నేల మీద 2 కిలోమీటర్లు. 80ని 2తో భాగించి 40 అని రాసేస్తారు. కిలోమీటర్లను మీటర్లు చేయాలి: 80 బై 2000, వాలు 1:25. ఇందులో ఏడో తరగతి లెక్కలకు మించి ఏముంది? లెక్కలంటే జ్వరం వచ్చే పిల్లలు కూడా నెల రోజులు చేస్తే వస్తుంది. విసుగొస్తే మాత్రం జాగ్రఫీని బలవంతం చేయకండి.

ఇంటర్ సంగతి సూటిగా చెబుతాను. హెచ్ఈసీలో హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్. జాగ్రఫీ ఉన్న గ్రూపు ఇచ్చే కాలేజీలు తక్కువ. ఏ కాలేజీకి ఏ గ్రూపు మంజూరైందో బోర్డు వెబ్‌సైటులో చూసుకుని వెళ్లండి. కౌంటరు దగ్గర "ఉందమ్మా, చేరండి" అన్న మాట మీద ఫీజు కట్టొద్దు. జాగ్రఫీ దొరక్కపోతే అక్కడితో దారి మూసుకుపోదు. డిగ్రీలో బీఏకి ఇంటర్ ఏ గ్రూపైనా తీసుకుంటారు. జాగ్రఫీ కోసం ఇంటర్ వయసులో రోజూ రెండు బస్సులు మారి వెళ్లడం నాకు సమ్మతం కాదు.

సీబీఎస్ఈ స్కూలైతే అడగాల్సినవి వేరే. పదకొండుకి జాగ్రఫీ చెప్పేవాళ్లు జాగ్రఫీలోనే పీజీ చేశారా? పోయినేటి పిల్లల ప్రాక్టికల్ రికార్డు ఒకటి చూపిస్తారా? టైం టేబుల్లో హిస్టరీ పీరియడూ జాగ్రఫీ పీరియడూ ఒకే వేళకు పడుతున్నాయా? చేరేవాళ్లు తక్కువైతే సబ్జెక్టు ఎత్తేస్తారా? చివరి ప్రశ్నకు నోటిమాట కాదు, రాతలో జవాబు అడగండి. జూలైలో ఎత్తేస్తే మిగిలిన సబ్జెక్టుల్లోంచి ఏదో ఒకటి మీ నెత్తిన పెడతారు.

ఉద్యోగాల మాట తేకుండా ఈ ఊళ్లో ఏ చర్చా ముగియదు. గ్రూప్-1 మెయిన్స్‌లో చరిత్ర, సంస్కృతి, భూగోళం కలిపి ఒక పేపరు, 150 మార్కులు. సివిల్స్ మెయిన్స్ మొదటి జనరల్ స్టడీస్ పేపర్లోనూ రెండూ ఉన్నాయి. నిజమే. కానీ పదిహేనేళ్ల పిల్లకి గ్రూప్-1 కోసం సబ్జెక్టు ఎంచడమంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పరీక్షలకు ఎవరైనా మళ్లీ మొదటి నుంచే చదువుకుంటారు. ఇంకొందరికి బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల పని చేసే కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉంది కదా, జాగ్రఫీ చదివితే అక్కడ చేరొచ్చని ఆశ. అక్కడ శాస్త్రవేత్త పోస్టులకు ఎక్కువగా అడిగేది ఇంజినీరింగ్, సైన్సు డిగ్రీలు. ఉపగ్రహ చిత్రాల పని మీద మనసుంటే లెక్కలు వదలకండి. పదకొండులో జాగ్రఫీ పక్కన మ్యాథ్స్, అది కుదరకపోతే అప్లైడ్ మ్యాథ్స్ పెట్టుకోండి.

అసలు రెండూ తీసుకునేవాళ్లకి నేను చెప్పేది ఈ జోడింపు గురించే. హిస్టరీ, జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ నాలుగూ పెట్టుకుంటే పొద్దస్తమానం రాయడమే. మూడో నెలకి చేతులూ మెదడూ రెండూ మొద్దుబారతాయి. ఒకటి తీసేసి ఎకనామిక్స్ పెట్టండి. జనాభా పట్టికలూ పంటల గ్రాఫులూ రెండు చోట్లా పనికొస్తాయి. హిస్టరీ ఒక్కటే చాలనుకునేవాళ్లు పక్కన పొలిటికల్ సైన్స్ పెట్టుకోవడం సహజం. జాగ్రఫీ ఒక్కటే అనుకునేవాళ్లకి ఎకనామిక్స్, మ్యాథ్స్ బాగా కుదురుతాయి. రెండింట్లో ఒకటి వదిలేయడం తప్పేమీ కాదు. రెండు రంగుల్లో ఒక రంగు కింద ఎర్రసిరా ఎక్కువుంటే, పైగా మూసీ పని ఒకటి అసలు మొదలే పెట్టకపోతే, వదిలేయండి.

చేరాక మార్చుకోవాలనిపిస్తే మొదటి నెలలోనే అడగండి. పదకొండులో పేర్లు బోర్డుకి రిజిస్టరయ్యాక మార్పు చాలా కష్టం. మొదటి యూనిట్ టెస్ట్ దాకా చూద్దాం అనే మాట వినడానికి బాగానే ఉంటుంది, అప్పటికి గడువు దాటిపోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు. మెమోలు కాదు, ఆన్సర్ షీట్లు తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి. రెండు రంగుల స్కెచ్‌పెన్నులు ఈ బల్ల మీదే ఉన్నాయి.